అమ్మది ఒకటే గీత

పోయిన వారం షుగరు పరీక్షకని వనపర్తిలో బస్టాండు దగ్గరి ఒక చిన్న ల్యాబుకు పోయి బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన రెండు కుటుంబాలవాళ్ళు, పిల్ల తరఫువాళ్ళూ పిల్లాడి తరఫువాళ్ళూ, ఇద్దరి తల్లుల మధ్యా కాగితం పొట్లంలో వేడి వేడి మిర్చిబజ్జీలు. లగ్గం పెట్టుకునే ముందు పిల్లకూ పిల్లాడికీ రక్తంలో హిమోగ్లోబిన్ ఏ రకమో చూపించుకుందామని వచ్చారట. వాళ్ళిద్దరూ మేనబావా మేనమరదలూ కాబట్టి డాక్టరమ్మ తప్పకుండా చూపించుకొమ్మన్నదని పిల్లాడి తల్లి నాకు చెప్పి, ఒక బజ్జీ నా చేతిలో కూడా పెట్టి, ఏమన్న తేడా ఉన్నా అది ఎవరి తప్పూ కాదంట గదా అక్కా అని నవ్వింది. షుగరుదాన్ని, అయినా తిన్నాను. తింటున్నంతసేపూ నా చెవులు కోపంతో వేడెక్కిపోయాయి. ఆమె మీద కోపం కాదు, పాపం ఆమె నన్నేం చేసింది. ఎవరి తప్పూ కాదన్న ఆ ఒక్క మాట మా అమ్మ బతికి ఉండగా ఒక మనిషి నోటి నుంచి వినాలని ఎంత కొట్టుకులాడానో గుర్తొచ్చింది.

వయసు మీద పడితే కోపాలు చల్లారుతాయని చెప్పేవాళ్ళను నేను నమ్మను. వాళ్ళు నిజంగా ఎవరి మీదా పగ పట్టి ఉండరు, అంతే. నేను పట్టాను. మా మేనత్త మీద. ఆమె పోయి చాలా కాలమైంది, నా జుట్టు మొత్తం నెరిసింది, నౌకరీ కూడా అయిపోవచ్చింది, అయినా ఆత్మకూరు బస్సు కనబడితే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. నా ఈడువాళ్ళు, అక్కచెల్లెళ్ళను మేనరికాలకిచ్చి పంపినవాళ్ళు, నేను చెప్పేది అర్థం చేసుకుంటారని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మాది ధరూర్ పక్కన ఒక పల్లె. మా నాయిన పల్లీలు అమ్మడానికి రాయచూరు పోతూ వస్తూ అక్కడి ఒక రైతు ఇంట్లో పరిచయమై వాళ్ళ బిడ్డను పెళ్ళి చేసుకొచ్చాడు. ఆమె మా అమ్మ. నాయినకు అక్క, మా మేనత్త, తన అత్తగారి వైపు పిల్లను తెచ్చి తమ్ముడికి కట్టాలని అనుకొని ఉండింది. ఆ ఆశ తీరకపోయేసరికి అమ్మ గడపలో కాలు పెట్టిన నాటి నుంచి మేనత్త నోట్లో ఆమెకు పేరు లేకుండా పోయింది. కన్నడది. అంతే. కన్నడది కూర చేసింది, కన్నడది నీళ్ళకు పోయింది, కన్నడదానికి ఆడపిల్లలే పుట్టారు. అమ్మ ఎంత తెలుగు నేర్చుకున్నా అవునా అనవలసిన చోట హౌదా అని నోరుజారేది, మేనత్త వచ్చిన ప్రతిసారీ నలుగురిలో ఆ హౌదాను సాగదీసి సాగదీసి అనుకరించి నవ్వించేది. నాయిన తల వంచుకొని బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. అక్క ముందు నోరు విప్పడం ఆయన పుట్టి ఎరగడు. నేను పొయ్యి దగ్గరికి పోయి ఎందుకమ్మా పడతావు అని ఎగిరితే, అమ్మ రొట్టె తడుతూనే "బ్యాడ బిడు" అనేది. వద్దులే వదిలెయ్ అని. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. అమ్మ వదిలేసిన వాటన్నింటినీ నేను ఏరుకొని దాచిపెట్టుకున్నానేమో, చిన్నప్పటి నుంచే నాకు ముక్కు మీద కోపం.

అయినా మా చెల్లెను ఆత్మకూరులో మేనత్త కొడుక్కే ఇచ్చారు. మేనరికం హక్కు అని మేనత్తే అడిగింది. మాకు ఇష్టం లేదనడానికి నాయినకు ధైర్యం చాలలేదు. అమ్మయితే, బిడ్డ కోడలైతే అయినా ఆ మనిషి మనసు మెత్తబడుతుందని ఆశపడింది. అప్పటికి నేను నర్సు ట్రైనింగు అయి వీపనగండ్ల దగ్గర ఒక ఉపకేంద్రంలో పని చేస్తున్నాను. పెళ్ళికి మూడు బస్సులు మారి వచ్చి, వంటల దగ్గరా వడ్డనల దగ్గరా చాకిరీ చేసి, మేనత్త మా అమ్మను పీటల దగ్గరికి రానివ్వకుండా తాను కూర్చోవడం చూసి, ఏడవలేక నవ్వుతూ తిరిగాను.

లేక లేక చెల్లెకు ఒక పిల్లాడు పుట్టాడు. చిన్నోడు అనేవాళ్ళం అందరమూ. ఎంత ముద్దుగా ఉండేవాడో ఇప్పుడు చెబితే సొంతవాళ్ళ గొప్ప అనుకుంటారు. అమ్మ కాలి మీద కూర్చొని ఉయ్యాల ఊపమని గంటలు గంటలు వేధించేవాడు, అమ్మ కన్నడంలో ఏదో పాడుతుంటే వాడూ ఆ మాటలే తిప్పి తిప్పి అనేవాడు. నడక వచ్చిన కొన్నాళ్ళకు వాడి చేతి వేళ్ళూ కాలి వేళ్ళూ ఉన్నట్టుండి వాచేవి. ఎముకల్లో నొప్పి అని చెప్పడం తెలియక అరిచేవాడు. కళ్ళు పచ్చబడేవి, పెదవులు తెల్లబడేవి. ఏ దవాఖానకు తీసుకుపోయినా రక్తం తక్కువ అన్నారు, బలానికి మందు రాసిచ్చారు. దిష్టి తీయించారు, తాయెత్తు కట్టించారు. ఒక వానాకాలం జ్వరం తగిలి, ఆ జ్వరం దిగకముందే చిన్నోడు పోయాడు.

ఆత్మకూరులో ఆ ఇంటి వాకిట్లో చాప మీద వాణ్ణి పడుకోబెట్టి ఉన్నారు. అమ్మ ధరూర్ నుంచి ఆటోలో వచ్చి దిగి, పరుగున పోయి వాడి కాళ్ళ మీద పడబోయింది. మేనత్త అడ్డం నిలబడింది. వాడకట్టంతా చూస్తుండగా, ముట్టవద్దని చెయ్యి అడ్డం పెట్టి అన్నది. "నీ నెత్తురే గదనే నా మనుమణ్ణి మింగింది. మా ఇంట్ల ఇట్ల ఎన్నడన్న అయ్యిందా? కన్నడదేశం నుంచి తెచ్చినవ్ ఆ పాడు నెత్తురు. ముట్టకు నా పోరణ్ణి." అమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చిన్నోడిని కడసారి తాకనివ్వలేదు మా అమ్మను. నాయిన అక్కడే ఉన్నాడు, చెల్లె మొగుడు అక్కడే ఉన్నాడు, ఆత్మకూరులో సగం ఊరు అక్కడే ఉన్నది. ఒక్కరూ ఇదేం మాట అనలేదు. ఆ రోజు నేను ఒట్టు పెట్టుకున్నాను. ఏ వాకిట్లో అన్నదో ఆ వాకిట్లోనే, ఎందరు విన్నారో అందరూ వింటుండగానే, ఆ మాట ఆమె నోట్లో నుంచి ఆమే తిరిగి మింగాలి అని.

తరువాతి కథ మీరు ఊహించగలరు. చెడ్డ నెత్తురు ఇల్లు చేరితే వంశం నిలవదని మేనత్త చెల్లెను పుట్టింటికి పంపేసింది. కొడుక్కు మళ్ళీ చేస్తానని బయలుదేరింది. ఎవరిని చేస్తుందంటే మా బాబాయి కూతురిని. ఆ పిల్ల తల్లి కూడా మేనత్త అత్తగారి వైపు మనిషే కాబట్టి ఇటు చూసినా అటు చూసినా మన నెత్తురే, కల్తీ లేదు అని ఊరంతా చెప్పుకొని తిరిగింది. మన దగ్గర ఇప్పటికీ చాలామంది చేసే పొరపాటు అది, బయటినుంచి వచ్చినదాంట్లోనే చెడు ఉంటుందనీ సొంతంలో సొంతం కలుపుకుంటే అంతా బంగారమేననీ అనుకోవడం. ఆ పిల్లకు ఇరవై కూడా నిండలేదు, చదువుకుంటానని ఏడుస్తున్నది. చెల్లెను విడిపించే పంచాయితీ ఆత్మకూరులో పెద్దమనుషుల ముందు పెట్టుకోవడానికి మాట అనుకున్నారు. నెత్తురు చెడ్డదని మావాళ్ళు నలుగురిలో ఒప్పుకోవాలి, అదీ మేనత్త పట్టు. చెల్లె అన్నం మానేసింది. అమ్మ మాట్లాడటం మానేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు జీపులో వచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల పల్లెల్లో మనుషుల రక్తంలోని ప్రోటీన్లు ఎన్ని రకాలుగా ఉన్నాయో, తరతరాల మేనరికాల ఇళ్ళలో అవి ఎట్లా పంచుకుంటూ వస్తున్నాయో చూడటం వాళ్ళ పని. అప్పట్లో ఇదంతా పాలమూరు జిల్లాయే. వాళ్ళకు పల్లెలు చూపించి, జనాన్ని ఒప్పించి, సూదులు వేయడానికి ఇద్దరు ముగ్గురు నర్సులను తోడు పంపారు, అందులో నేనొకదాన్ని. వాళ్ళ పెద్ద ఒక మేడం, కళ్ళద్దాలు, నూలు చీర, జీపు కుదుపులకు వక్క నములుతూ కూర్చునే మనిషి. జనాన్ని ఒప్పించడం అంటే ఇప్పటిలాగా కాదు. రక్తం తీసుకుపోయి అమ్ముకుంటారనీ, తీస్తే పొలం పని చేయలేమనీ తలుపులు వేసుకునేవాళ్ళు. ఆత్మకూరులో బట్టల దుకాణం నడిపే ఒక ముసలి సాయిబు మాత్రం, జర జల్దీ తీయమ్మా గిరాకీ పోతది అని గల్లా ముందే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆయన్ను చూసి బజారంతా మడిచింది.

జూరాల కట్ట మీద జీపు పోతుండగా, ఒక మధ్యాహ్నం, నేను మేడంను చిన్నోడి సంగతి అడిగాను. వేళ్ళు వాచడం, పచ్చకళ్ళు, నొప్పులు, అన్నీ చెప్పాను. ఆమె వక్క నమలడం ఆపేసింది. రక్తంలో ఎర్రగా ఉండేది హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ అనీ, దాన్ని ప్రతి మనిషీ తల్లి నుంచి ఒక పాలు తండ్రి నుంచి ఒక పాలు తెచ్చుకుంటారనీ, అందులో ఒక రకం ఉంటుంది, అది ఒకరి నుంచే వస్తే మనిషికి ఏమీ కాదు, రాయిలాగా ఉంటారు, తెలియను కూడా తెలియదు, ఇద్దరి నుంచీ వస్తే మాత్రం రక్తకణాలు కొడవలిలాగా వంగి ఇరుక్కుపోతాయి, చిన్నోడిది అదే అయి ఉండవచ్చు అనీ నెమ్మదిగా చెప్పింది. నేను ఒక్కటే అడిగాను, ఇద్దరి నుంచీ వస్తేనేనా అని. ఇద్దరి నుంచీ వస్తేనే, ఒక్కరి నుంచి వస్తే రాదు, ఇందులో ఎవరి తప్పూ ఉండదు అన్నది ఆమె. ఆ చివరి మాట నేను చెవిన పెట్టలేదు. ఇద్దరి నుంచీ అన్న మాట దగ్గరే నా మెదడు ఆగిపోయింది. చెల్లె నుంచి ఒకటి వస్తే, రెండోది చెల్లె మొగుడి నుంచి రావాలి. చెల్లె మొగుడికి ఎవరిస్తారు?

మా పల్లెలో మా ఇంటివాళ్ళందరి రక్తమూ తీయించాను. మేడం వాళ్ళు ధరూర్‌లో ఒక బడి గది తీసుకొని, కరెంటు పెట్టె ఒకటి పెట్టుకొని, ఉప్పునీళ్ళలాంటి దాంట్లో నానబెట్టిన సన్నటి తెల్లని పట్టీల మీద ఒక్కొక్కరి రక్తం చుక్క వేసి కరెంటు పారించేవాళ్ళు. ఎర్రటి చుక్క పట్టీ మీద మెల్లగా నడిచిపోయి ఒక చోట గీతలాగా నిలబడేది. అందరికీ ఉండే రకం మాత్రమే ఉంటే ఒకటే గీత. రెండో రకం కూడా ఉంటే ఒకటి వెనకబడి రెండు గీతలు. చదువు రానివాళ్ళకు కూడా కంటికి కనబడేది. ఎవరిది వాళ్ళకే పిలిచి చూపించేది మేడం, పక్కవాళ్ళను గదిలో ఉండనిచ్చేది కాదు, పట్టీలు అందించే నర్సును కాబట్టి నేనుండేదాన్ని. మా చెల్లెకు రెండు గీతలు. నాకు రెండు గీతలు. మా ఆయనది ఒకటే కాబట్టి మా పిల్లలు బతికిపోయారు. నాయినకు రెండు గీతలు. మా అమ్మకు ఒక్కటే గీత, కాటుక పుల్లతో గీసినట్టు నిండుగా, తిన్నగా. అమ్మ ఆ పట్టీని పట్టుకొని ఎంతసేపు చూసిందో. "హౌదా?" అని మాత్రం అడిగింది. అవునమ్మా, నీ నెత్తురు కడిగిన ముత్యంలాగా ఉన్నది, అంటుకున్నది ఏదైనా ఉంటే మీ ఆయన వైపుదే అన్నాను. నాయిన పట్టీ చూసుకొని బయటికి పోయి పశువుల దగ్గర కూర్చున్నాడు.

అప్పుడే పోయి మేనత్త ముఖాన ఆ పట్టీలు కొట్టవచ్చు. నాకు అది చాలదనిపించింది. ఆమె రక్తంలో ఉన్నట్టు రుజువు లేదు, ఆమె మొగుడు, మా మామ వైపు నుంచి కూడా వచ్చి ఉండవచ్చని మేడం అన్నది. పైగా నేను చెబితే నర్సు తమాషాలు అని కొట్టిపారేస్తుంది. ఆమె చెయ్యి ఆమే చాపాలి, ఆమె ఫలితం ఆమే అందరిలో అడగాలి. అందుకే అమ్మను బతిమాలి, కొన్ని రోజులు నోరు మెదపవద్దని చెప్పి, ఆత్మకూరు పోయాను. ఏడుపు ముఖం పెట్టుకొని మేనత్త ముందు కూర్చొని, అత్తా, రక్తం పరీక్షవాళ్ళు వచ్చారు, పెద్ద ఇండ్ల నెత్తురు ఎట్లుంటదో చూస్తున్నరు, మా అమ్మది ఏమొచ్చిందో గాని నలుగుట్ల చెప్పొద్దని భయపడుతున్నది అని నీళ్ళు నమిలాను. నేను చెప్పినవాటిలో భయపడుతున్నది అన్నది తప్ప అన్నీ నిజాలే. మేనత్త కళ్ళు ఎట్లా మెరిశాయో నాకిప్పటికీ కనబడుతున్నది. మరునాడు ఆత్మకూరు బడిలో అందరికంటే ముందు వరుసలో కూర్చున్నది ఆమెనే. మొగుణ్ణీ కొడుకునూ పక్కన కూర్చోబెట్టుకొని, ముంజేతి గాజులు పైకి జరిపి, తీసుకోమ్మా ఎంత కావాలంటే గంత తీసుకో అని చెయ్యి చాపింది. ఆ సూది నేను వేయలేదు. ఇంకో నర్సుకు ఇచ్చాను.

పంచాయితీ మేనత్త వాకిట్లోనే పెట్టారు, చిన్నోడిని పడుకోబెట్టిన వాకిట్లోనే. పెద్దమనుషులు మంచాల మీద, ఆడవాళ్ళు అరుగు మీద, నాయినా బాబాయీ గోడకు ఆనుకొని. అమ్మా చెల్లే ఒక మూల. బాబాయి కూతురు దర్వాజ చాటున. ఫలితాలు ఇంటింటికీ చెబుతూ మేడం ఆ వాడకు వచ్చింది. మేనత్త మనిషిని పంపి ఆమెను వాకిట్లోకి పిలిపించి కుర్చీ వేయించింది. మేడం ఆమెను లోపలికి రమ్మన్నది, మీది మీకు ఒక్కరికే చెబుతాను, అదే మా పద్ధతి అన్నది. మేనత్త రానన్నది. మేడం ఇంకోసారి చెప్పి చూసింది, ఈసారి గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు. మా అమ్మను కాపాడటానికే ఈ దాపరికమంతా అని మేనత్త అర్థం చేసుకున్నది, నేను కోరుకున్నట్టే.

"నాకేం దాపరికం లేదు. నాది గూడ అందరి ముందట్నే చూపుండ్రి, ఆ కన్నడదానిది గూడ చూపుండ్రి. ఎవరి నెత్తురు ఎసొంటిదో తెలిసిపోతది" అని మంచాలవాళ్ళ వైపు తిరిగి అన్నది.

మేడం అందరినీ అడిగింది, మీకు ఒప్పుదలేనా అని. అమ్మ తల ఊపింది. చెల్లె ఊపింది. మామా చెల్లె మొగుడూ మేనత్త ముఖం చూసి ఊపారు. అప్పుడు గోడ దగ్గర నుంచి మా నాయిన, జన్మలో మొదటిసారి, అక్క ఎదురుగా నోరు విప్పి, "నాది గూడ చూపుండ్రి, నాది రెండు గీతలు, నాకు తెల్సు" అన్నాడు. మేనత్త ఆయన వైపు చూసిన చూపు, తమ్ముడు కాదు గోడే మాట్లాడినట్టు.

పట్టీలను మేడం ఒక గాజు పలక మీద వరుసగా పరిచి పెద్దమనుషుల ముందు పెట్టింది, ఎవరిది ఏదో చెప్పింది. నాయినది రెండు. చెల్లెది రెండు. చెల్లె మొగుడిది రెండు. మామది ఒకటి. మా అమ్మది ఒకటి. మేనత్తది రెండు. మంచం మీది ఒక ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ రెండే వచ్చాయి. ఇద్దరు తోడబుట్టినవాళ్ళకు తమ తల్లిదండ్రుల నుంచి వచ్చిన రకం వాళ్ళ పిల్లల దగ్గర కలుసుకున్నదనీ, చిన్నోడికి అట్లా రెండు వైపుల నుంచీ దిగి ఉంటుందనీ, రాయచూరామెకు ఇందులో సంబంధమే లేదనీ మేడం చెప్పింది. ఆమె ఇంకా ఏదో చెప్పబోయింది, ఎవరి తప్పూ కాదన్న మాటే అయి ఉంటుంది. నేను చెప్పనివ్వలేదు.

లేచి వాకిలి మధ్యలోకి, చాప పరిచిన జాగాలోకి పోయి నిలబడ్డాను. "అత్తా, ఎవరి నెత్తురు మింగింది చిన్నోణ్ణి? ఇప్పుడు చెప్పు. గా రోజు ఇక్కడ్నే నిలబడి అన్నవ్ గద, ఇక్కడ్నే చెప్పు. మా అమ్మను ముట్టనియ్యలే నువ్వు. ముట్టరాని నెత్తురు ఎవరిది?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మేనత్త పలక వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, గదేంది, మిషిని తప్పు చూపెడుతున్నది అన్నది చివరికి. అరుగు మీది ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. చూడండి, నేను దాచుకోను, ఆ క్షణం నాకు ఎంత హాయిగా ఉండిందంటే పండుగ భోజనం చేసినట్టు ఉండింది. చెల్లె మొగుడు మాత్రం తల్లినీ చూడలేదు, నన్నూ చూడలేదు, కిందికి కూర్చొని ఆ చాప జాగాలో మట్టిని చేత్తో సర్దుతూ ఏడ్చాడు. అంతా వాడి ఏడుపు చూస్తున్నారు కాబట్టి నా గెలుపు నేనొక్కదాన్నే చూసుకోవలసి వచ్చింది.

పెళ్ళి మాట అక్కడికక్కడే పడిపోయింది. బాబాయి కూతురు తన ఫలితం లోపలి గదిలో మేడం దగ్గర ఒంటరిగా విని వచ్చి, నేను చేసుకోను అని గట్టిగా చెప్పింది. ఏమొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పిల్ల ఇప్పుడు నాగర్‌కర్నూలులో టీచరు. చెల్లె మొగుడు కొన్ని నెలలు తిరిగి తిరిగి, తల్లి ఇల్లు విడిచి నాగర్‌కర్నూలులోనే విత్తనాల దుకాణం పెట్టుకుంటానని చెప్పి చెల్లెను తీసుకుపోయాడు. మళ్ళీ పిల్లల్ని కనే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. మేనత్త మాత్రం ఆత్మకూరులో ఎవరినీ కలవకుండా, తలుపు దగ్గరికి వేసుకొని బతికింది. ఒక్కసారి, ఒక్కసారి మా అమ్మ ముందుకు వచ్చి తప్పయింది అంటే నేను నిజంగా వదిలేసేదాన్నేమో. ఆమె రాలేదు. మిషినే తప్పు అని కొన ఊపిరి వరకూ వాదించే రకం.

ఒకటి రెండేళ్ళు గడిచాయి. మేనత్త స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. కర్నూలులో ఒక దవాఖానలో ఆపరేషనన్నారు, రక్తం ఎక్కించాలన్నారు, మీవాళ్ళ నుంచి ఎవరైనా ఇవ్వండన్నారు. రెండు గీతల సంగతి చెప్పేసరికి కొడుకు రక్తం వద్దన్నారు, నాదీ వద్దన్నారు. మన నెత్తురు మన నెత్తురు అని ఆమె ఎవరి గురించి గొప్పలు పోయిందో ఆ అత్తగారి వైపువాళ్ళు ఒకడికి పొలం పని, ఒకడికి జ్వరం, ఒకడిని భార్య వద్దన్నది. నేను వరండాలో నిలబడి కొంచెం సంతోషంగానే ఇదంతా చూస్తున్నాను. అప్పుడు గద్వాల బస్సు దిగి చేతిలో రొట్టెల మూట పట్టుకొని మా అమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. గ్రూపు కలిసింది. నేను ఒప్పుకోలేదు, అమ్మా నీకేం ఖర్మ, వాళ్ళింట్లోవాళ్ళే రాలేదు అని చెయ్యి పట్టుకొని లాగాను. అమ్మ నా చెయ్యి విడిపించుకొని బల్ల మీద పడుకున్నది.

"ఊకో బిడ్డా. ఇగ నన్ను తిట్టాల్నంటే ఎట్ల తిడ్తది? దాని ఒంట్ల నేనే ఉంటగద. తిట్టుకోమను చూస్త" అన్నది కళ్ళు మూసుకొని, పెదవి కొసన నవ్వుతూ. అన్నేళ్ళు బ్యాడ బిడు అని మా అమ్మ ఏమీ వదిలేయలేదని అప్పుడు తెలిసింది నాకు. నేను ఒక వాకిట్లో ఒక పూట పగ తీర్చుకున్నాను. అమ్మ నా కంటే పెద్ద లెక్కే వేసుకున్నది.

ఎక్కించిన రక్తం ఒంట్లో కొన్ని నెలలే ఉంటుందనీ, ఆ తరువాత మన రక్తం మనకే తయారవుతుందనీ నర్సును కాబట్టి నాకు తెలుసు. అమ్మకు చెప్పలేదు. ఆమె పోయేదాకా, వదినె ఒంట్ల నా నెత్తురున్నది అని ఎవరితోనో ఒకరితో చెప్పుకొని మురిసిపోతూనే ఉండింది. మేనత్తకు తెలివి వచ్చాక ఎవరిదెక్కిందో చెల్లె మొగుడు చెప్పాడు. ఆనాటి నుంచి ఆమె నోట కన్నడది అన్న మాట రాలేదు. ఒకసారి నేను ఆత్మకూరు పోయి ఆమెకు బీపీ చూస్తుంటే, ఎవరూ లేరని తేల్చుకొని, గోడవైపు చూస్తూ అడిగింది. "ఏమే, మీ అమ్మ నెత్తురు ఇంక నా ఒంట్లనే ఉన్నదా? పోదా గది?" పోయిందత్తా, ఎప్పుడో పోయింది అనవచ్చు. చిటికెలో ఆమె మనసు తేలిక చేయవచ్చు. చిన్నోడి మీదికి చాచి గాలిలో ఆగిపోయిన అమ్మ చెయ్యి నాకు కనిపించింది. "సచ్చేదాక ఉంటది అత్తా. ఎముకలల్లకు పట్టుకుంటది" అని చెప్పి, బీపీ పట్టీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ తరువాత మేనత్త ఎంతో కాలం బతకలేదు. ఆమెకంటే ముందే అమ్మ పోయింది, ఆనాడు మాత్రం కొడుకు భుజం పట్టుకొని ధరూర్ దాకా వచ్చి, అమ్మ పాదాల దగ్గర కూర్చొని, నా మరదలు అని ఏడ్చింది, అంతమందిలో, అంత గట్టిగా. అప్పుడైనా ఆమెకు నిజం చెప్పాలని నాకు అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

వనపర్తి ల్యాబులో పిల్లాడిని లోపలికి పిలిచారు. సూది చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు, వాళ్ళమ్మ బజ్జీ నూనె చేతిని కొంగుకు తుడుచుకొని పోయి వాడి రెండో చెయ్యి పట్టుకున్నది. వాడికి ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. పిల్ల తల్లి బయట నిలబడి, నెమ్మది నాయినా నెమ్మది అంటున్నది. ఎంత సులువైపోయింది ఇప్పుడు. ఒక గీతో రెండు గీతలో మిషినే కాగితం మీద అచ్చేసి ఇస్తుంది, ఎవరూ ఎవరి వాకిట్లోనూ నిలబడనక్కరలేదు, ఎవరి నెత్తురూ ఎవరూ తిట్టనక్కరలేదు. ఈ సులువు మాకు కొన్నేళ్ళు ముందు వచ్చి ఉంటే, రోగమేదో తెలిసి మందు పడి చిన్నోడు కూడా ఈ ఈడువాడే అయ్యేవాడు, సూదికి భయపడి ముఖం తిప్పుకుంటే పోయి చెయ్యి పట్టుకునేది మా చెల్లె. పగ తీరిందా అని ఎవరైనా అడిగితే తీరిందనే చెబుతాను, రెండుసార్లు తీరింది, కడుపు నిండా తీరింది. చిన్నోడు మాత్రం తిరిగి రాలేదు.